తొమ్మిదో ఆవు

ఆ వానాకాలం మా ఇంట్లో అందరికీ అన్నీ తెలుసు. ఎవరం నోరు విప్పలేదు, అంతే.

అమ్మ నాన్నకి టీ సగం గ్లాసే పోసేది. అది తాగాక ఇంకో సగం పోసేది. నిండా పోస్తే నాన్న చేతిలో తొణికి చొక్కా మీద పడుతుందని ఆవిడకి తెలుసు, నాకు తెలుసు, నాన్నకీ తెలుసు. పొద్దున్నే చొక్కా గుండీలు కూడా అమ్మే పెట్టేది. పెడుతూ, "కాజాలు మరీ ఇంత ఇరుగ్గా కుట్టాడేమిటి ఈ దర్జీ!" అని వాణ్ణి తిట్టిపోసేది. పాపం ఆ దర్జీ పదేళ్లుగా అవే కాజాలు కుడుతున్నాడు.

నాన్న పశువుల ఆసుపత్రిలో అసిస్టెంటు. ఆయన ముఖ్యమైన పని రక్తం తీయడం. నేను అదే ఆవరణలో, వెనక బిల్డింగులో, ఆయన తెచ్చిన రక్తాన్ని పరీక్ష చేసే మనిషిని. తండ్రి గుచ్చుతాడు, కూతురు తేలుస్తుంది అని ఆఫీసులో హాస్యాలాడేవాళ్లు. నాన్నని అసలు పేరుతో పిలిచేవాళ్లు తక్కువ. అందరికీ ఆయన 'ఒక్కపోటు'. ఎడమచేతి బొటనవేలు ఆవు మెడ కింద గాడిలో నొక్కిపెడితే నరం తాడులా ఉబికేది. కుడిచేత్తో ఒక్క పోటు. ఆవు నెమరు ఆపేది కాదు. ముప్ఫై నాలుగేళ్లలో రెండో పోటు పొడవలేదని ఆయన చెప్పుకునేవాడు. కొంచెం కోతలున్నా చాలావరకు నిజమే. ఇంకో నాలుగు నెలల్లో రిటైరవుతాడు. ఆ నాలుగు నెలలూ ఎలాగోలా గట్టెక్కితే చాలని ఇంట్లో అందరం ఎవరికి వాళ్లం అనుకుంటున్నాం.

పాలత్త క్యాన్లో పాలకి పరీక్షలో ఉంగరం కట్టింది ఆ రోజుల్లోనే.

పాలత్తంటే మాకు చుట్టమేమీ కాదు. ఊరి చివర షెడ్డులో పద్నాలుగు ఆవుల్ని పెట్టుకుని సగం ఊరికి పాలు పోసేది. నాన్నని అన్నయ్యా అని పిలిచేది కాబట్టి నాకు అత్తయింది. ఎండాకాలంలో ఆవిడ ఆవుల్లో రెండు, నెలలు నిండకుండానే ఈచుకుపోయాయి. దాంతో మా డాక్టరుగారు పాలు తెప్పించి పరీక్ష పెట్టమన్నారు. పాలలో చుక్క ఊదారంగు మందు వేసి గంటసేపు వెచ్చగా ఉంచుతాం. మంద శుభ్రంగా ఉంటే మీగడ తెల్లగా తేలుతుంది. లేకపోతే పైన ఊదారంగు ఉంగరం కడుతుంది. కట్టింది. అంటే ఆ పద్నాలుగింటిలో దేనికో బ్రూసెల్లా జబ్బు ఉందని అనుమానం. దేనికో తెలియాలంటే ఒక్కోదాని రక్తం ఒక్కోటిగా చూడాలి.

అదొక పాడు జబ్బు. ఆవుని చూస్తే తెలియదు. మేస్తుంది, పాలిస్తుంది, చూడి మాత్రం నిలవదు. పాలు పితికేవాళ్లకీ, షెడ్డు ఊడ్చేవాళ్లకీ అంటుకుంటుంది. విడవని జ్వరం, నడుము నొప్పులు. ఆడవాళ్లకి కడుపులో బిడ్డ కూడా దక్కకపోవచ్చు.

పాలత్త కోడలికి అప్పుడు ఆరో నెల. ఆ ఇంట్లో పాలు పితికేది ఆ అమ్మాయే.

నాన్న పొద్దున్న వెళ్లి మధ్యాహ్నం దాటాక వచ్చాడు. పద్నాలుగు ఆవులంటే ఆయనకి గంట పని. ప్యాంటు మోకాళ్ల దాకా పేడ. చెక్క స్టాండులో పద్నాలుగు గాజు గొట్టాలు వరసగా నా బల్ల మీద పెట్టాడు.

"ఇంతసేపయిందేం?" అన్నాను.

"వానలో షెడ్డంతా జారుడు. కొత్తగా కొన్నవి అయిదున్నాయి, దగ్గరికి రానివ్వవు. దూడలయినా నయం."

"భోంచేశావా?"

"పాలత్త పెట్టింది."

ఫారం మీద 'సేకరించినవారు' అన్నచోట సంతకం పెట్టి ఇచ్చాడు. కలం కాగితం మీద కాసేపు ఆడింది. నేను కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడ్డాను. ఆయన సంతకం పెడుతున్నప్పుడు అటు చూడకపోవడం నాకు అప్పటికే అలవాటైంది.

మర్నాటికి రక్తం గడ్డకట్టి పైన తేట విడిగా నిలిచింది. మా పరీక్ష చూడ్డానికి పిల్లలాటలా ఉంటుంది. తెల్లటి పలక మీద ఒక చుక్క తేట, పక్కన ఒక చుక్క గులాబీరంగు మందు. పుల్లతో కలిపి, గడియారం చూస్తూ నాలుగు నిమిషాలు పలకని మెల్లగా ఊపాలి. జబ్బుంటే విరిగిన పాలలా రవ్వలు తేలతాయి. లేకపోతే గులాబీ నీళ్లు గులాబీ నీళ్లే. నాలుగు నిమిషాలు దాటనివ్వకూడదు. దాటితే అంచులు ఎండి ఉత్త రవ్వలు కనపడి మోసం చేస్తాయి.

ఏడేళ్లుగా అదే పని చేస్తే ఒకటి తెలుస్తుంది. ఏ రెండు ఆవుల తేటా అచ్చం ఒకలా ఉండదు. ఒకటి పల్చగా, ఒకటి చిక్కగా, ఒకటి కొద్దిగా ఎరుపు దిగి. ఒకే షెడ్డులో ఒకే గడ్డి తిన్నా సరే. ఒకటి నుంచి ఎనిమిది దాకా ఎనిమిదీ ఎనిమిది రకాలుగా ఉన్నాయి. ఒక్కదాంట్లోనూ రవ్వ లేదు.

తొమ్మిదోది ముదురు పసుపు, వంటనూనె రంగు. పలక మీద మూడో నిమిషానికి అంచు చుట్టూ సన్నటి మబ్బులాంటి తెర కట్టింది. అది రవ్వ కాదు. ముసలి ఆవులకి అప్పుడప్పుడూ అలా వస్తుంది. లేదు అని రాశాను.

పదోదీ ముదురు పసుపే. మూడో నిమిషానికి అదే తెర.

పదకొండోది తీసేటప్పుడు గొట్టాన్ని కిటికీ వెలుగుకి పెట్టి చూశాను. పన్నెండూ, పదమూడూ, పద్నాలుగూ కూడా పక్కపక్కన పెట్టి చూశాను. ఒకే నూనె రంగు. పలక మీద వేస్తే అన్నిటికీ అదే తెర, అదే మూడో నిమిషం. నెమ్మదిగా నిలబడి రక్తం ఇచ్చే ముసలావు ఒకటి ఉన్నట్టుంది ఆ షెడ్డులో. దాని నెత్తురే ఆరు గొట్టాల్లో ఉంది.

ఇక్కడ గుండె ఝల్లుమంది అని చెప్పాలి. ఝల్లుమనలేదు. కాలు తిమ్మిరెక్కితే గిల్లినా తెలియదు చూడండి, లోపల అలా ఉంది. నా చెయ్యి తన పని తాను చేసుకుపోయింది. పదికి ఎదురుగా లేదు. పదకొండుకి ఎదురుగా లేదు. పద్నాలుగు దాకా లేదు, లేదు అని రాసుకుంటూ పోయింది. నేను రాసిందాంట్లో ఒక్క అబద్ధమూ లేదు. గొట్టాల్లో ఉన్న రక్తంలో నిజంగానే జబ్బు లేదు.

డాక్టరుగారు కుర్రాడు, మంచివాడు, తొందర మనిషి. ఫారం చూసి కళ్లజోడు పైకి తోసుకున్నాడు.

"పాలలో ఉంగరం వచ్చిందన్నారుగా? రక్తం అంతా క్లీనా?"

"పొదుగువాపు ఉన్నా ఉంగరం కడుతుంది సార్" అన్నాను.

ఆ మాట ఆయన అడగలేదు. నేనే అందించాను. ఆయన తలూపి సంతకం చేశాడు.

ఆ సాయంత్రం ఇంటికి వెళ్లేసరికి నాన్న వరండాలో కుర్చీలో కూర్చుని వాన చూస్తున్నాడు. నేను చెప్పులు విప్పుతుంటే తలెత్తి చూశాడు. అలాగే చూస్తూ ఉన్నాడు.

"ఏం, అయ్యాయా పాలత్తవి?" అన్నాడు.

"అయ్యాయి."

"ఏమొచ్చింది?"

"ఏమీ లేదు. అన్నీ క్లీన్."

"అన్నీనా?"

"అన్నీ."

అమ్మ లోపల్నుంచి సగం గ్లాసు టీ తెచ్చింది. నాన్న రెండు చేతులతో పట్టుకున్నాడు. అడుగుదామని నాలిక చివరిదాకా వచ్చింది. అడిగితే ఏమవుతుంది? ఆయన ఒప్పుకోవాలి. ఒక్కపోటు అనిపించుకున్న మనిషి, గుచ్చలేకపోయాను చిట్టీ అని కూతురి ముందు చెప్పుకోవాలి. ఆ మాట వినడం నా వల్ల కాదనిపించింది. తుండు తీసుకుని తల తుడుచుకుంటూ లోపలికి వెళ్లిపోయాను. జాలి అనుకున్నాను దాన్ని. పిరికితనమని ఇప్పుడు తెలుసు.

రెండ్రోజుల తర్వాత పాలత్త రిపోర్టు కోసం వచ్చింది. గొడుగు గుమ్మం బయట పెట్టి, కాళ్లు కడుక్కుని మరీ లోపలికొచ్చింది. అదేదో గుడి అన్నట్టు నా గదిలోకి ఎప్పుడూ అలాగే వచ్చేది. కాగితం అటూ ఇటూ తిప్పి చూసి నాకే ఇచ్చేసింది.

"నువ్వే చెప్పు తల్లీ. నాకివన్నీ అర్థమై చస్తేగా."

"ఏ ఆవుకీ లేదని వచ్చిందత్తా."

"హమ్మయ్య!" అని బల్ల మీద చెయ్యి వేసి నిలదొక్కుకుంది. "పదిరోజుల్నించీ కంటి మీద కునుకు లేదనుకో. కోడల్ని షెడ్డు ఛాయలకి రానివ్వట్లేదు. నేనే పితుకుతున్నా. ఈ నడుముతో పద్నాలుగింటిని పితకడమంటే మాటలా? ఇంక పిల్లని రానివ్వచ్చు కదూ? పితకనివ్వచ్చా?"

కళ్లలోకి చూసి మరీ అడిగింది. ఇంకా నాలుగు రోజులు ఆగు అత్తా అంటే సరిపోయేది. మళ్లీ ఒకసారి రక్తం తీయిస్తాను అంటే ఆవిడ ఎందుకని కూడా అడిగేది కాదు. తీయాల్సింది ఎవరు? నాన్నే.

"రిపోర్టు క్లీన్‌గానే ఉందిగా" అని నీళ్లు నమిలాను. "పితికాక సబ్బుతో చేతులు కడుక్కోమను. దేనికైనా మంచిది."

"కడిగిస్తాను. నువ్వు చెప్పాక ఇంకేం!"

వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగి నవ్వింది. "మీ నాన్న చేతి పనితనం ఇంకా పోలేదమ్మాయ్. కొత్తావుల్ని రాటలకి కట్టేసి, టీ పెడదామని అలా లోపలికెళ్లి వచ్చేసరికి అయిదింటివీ తీసేసి కూర్చున్నాడు. ఒక్కటి అరిస్తే ఒట్టు."

వానలు ముదిరాయి. పాలత్త పాలు యథాప్రకారం ఊళ్లోకి వస్తున్నాయి. అందరూ కాచుకునే తాగుతారు కాబట్టి ఊరికేం కాలేదు. నాన్న మందుల గదిలో లెక్కలు రాస్తానని చెప్పి బయటి పనులు తగ్గించుకున్నాడు. ఇంట్లో భోజనాల దగ్గర మాటలు తగ్గాయి. వాన గురించీ, ఆరని బట్టల గురించీ మాట్లాడుకునేవాళ్లం. నేను రోజూ ఆఫీసుకి వెళ్లి, పలకలు ఊపి, ఇంటికొచ్చి, తిని పడుకునేదాన్ని. ఒక్కరోజు కూడా ఏడవలేదు. కలలు కూడా రాలేదు. నిద్ర బాగానే పట్టేది, అదే నాకు ఇప్పటికీ సిగ్గు.

ఏడు వారాలకి పెద్దాసుపత్రి నుంచి ఒక గొట్టం వచ్చింది. మనుషుల రక్తానికి కూడా ఆ పరీక్షకి మా గులాబీ మందే వాడతారు, వాళ్ల దగ్గర అది లేక అప్పుడప్పుడూ మాకే పంపుతారు. చీటీ మీద వయసు ఇరవై మూడు, ఆడ, మూడువారాల జ్వరం, ఎనిమిదో నెలలో బిడ్డ పోయింది, పాడిపని అని రాసుంది. పేరు ఉన్నచోటికి నా చూపు పోలేదు. పోనక్కర్లేదు.

నాలుగు నిమిషాలు పట్టలేదు. పలకని రెండుసార్లు ఊపేసరికి రవ్వలు తేలిపోయాయి. అయినా నిబంధన ప్రకారం నాలుగు నిమిషాలూ ఊపాను. ఉంది అని రాశాను.

గొట్టం తెచ్చిన పాలత్త బయట బెంచీ మీద కూర్చుని ఉంది. కాళ్లు కడుక్కోలేదు ఆ రోజు. నన్ను చూసి లేచింది.

"మగపిల్లాడు" అంది. "నువ్వు చెప్పినట్టే కడుక్కుందే తల్లీ. రెండుపూటలా, మోచేతుల దాకా, సబ్బు పెట్టి. నేనే నీళ్లు పోసేదాన్ని. మరెలా వచ్చింది?"

నేను చీటీ మడిచి ఆవిడ చేతిలో పెట్టాను.

డాక్టరుగారు ఈసారి పక్క ఊరి నుంచి వేరే అసిస్టెంటుని పిలిపించి రక్తం తీయించారు. ఇద్దరు మనుషులు పట్టుకుంటే గానీ ఆ కొత్తావులు లొంగలేదట. ఒకటి నుంచి తొమ్మిది దాకా మళ్లీ ఏమీ లేదు. పదో దానికి ఉంది. పదకొండుకి ఉంది. పన్నెండుకి లేదు. పదమూడుకీ పద్నాలుగుకీ ఉంది. నాలుగింటి తేటా నాలుగు రంగులు.

మా ఇద్దర్నీ గదిలోకి పిలిచారు. బల్ల మీద రెండు ఫారాలు పక్కపక్కన ఉన్నాయి.

"ఏడువారాల్లో నాలుగింటికి కొత్తగా వచ్చిందంటే నేన్నమ్మను. పాలలో అప్పుడే ఉంగరం ఉంది" అన్నారు డాక్టరుగారు. కోపం లేదు ఆయన గొంతులో, అలసట ఉంది. "ఏం జరిగింది పెద్దాయనా?"

నాన్న నిలబడే ఉన్నాడు. చేతులు వెనక్కి కట్టుకున్నాడు, వణుకు కనపడకుండా.

"పదోదాన్ని నాలుగుసార్లు పొడిచాను సార్. నరం దొరకలేదు. చేతులు నా మాట వినడం లేదు, ఏడాదిగా. అది తన్ని పడేసింది. మళ్లీ లేచి వెళ్లడానికి మొహం చెల్లలేదు. తొమ్మిదోది ముసలిది, కదలదు. మిగతా గొట్టాలన్నీ దాని దగ్గరే నింపేశాను."

డాక్టరుగారు నా వైపు తిరిగారు. "మీకేమీ తేడా అనిపించలేదా? ఏడేళ్లుగా చూస్తున్నారు."

నేను నోరు తెరిచేలోపు నాన్నే అందుకున్నాడు.

"దానికేం తెలుసు సార్! నేనిచ్చింది పరీక్ష చేసింది. పలక మీద పడ్డాక అన్నీ గులాబీ నీళ్లేగా. అమ్మాయికి ఏమీ తెలియదు. కావాలంటే రాసిస్తాను."

నా వైపు చూడలేదు. డాక్టరుగారు మాత్రం చూస్తూనే ఉన్నారు. ఒక్క మాట చాలు. నాకు తెలుసు సార్ అంటే చాలు. నేను తల వంచుకున్నాను.

"కోడలికి ఎప్పుడు సోకిందో ఈ పరీక్ష చెప్పదు" అన్నారు డాక్టరుగారు చివరికి, ఇద్దర్నీ ఉద్దేశించి. "మొదటి రక్తం తీసేనాటికే తగిలి ఉండొచ్చు. అప్పుడే తెలిస్తే ఆ అమ్మాయికీ పరీక్ష చేసి మందులు వేసేవాళ్లం. బిడ్డ దక్కేవాడా అంటే అదీ చెప్పలేను."

నాన్న తన చేత్తోనే రాసిచ్చాడు. అరపేజీకి పావుగంట పట్టింది. ఈసారి నేను కిటికీ వైపు తిరగలేదు. ప్రతి అక్షరమూ చూశాను. రిటైరయ్యేదాకా సెలవు పెట్టించి ఇంటికి పంపేశారు. పూలదండ, ఫొటో అనుకున్నవాళ్లు మానుకున్నారు. ఆ నాలుగు ఆవుల్నీ లారీ వచ్చి తీసుకుపోయింది. పాలత్త కోడలు ఆరువారాల మందులకి కోలుకుంటోందని విన్నాను. వెళ్లి చూడలేదు.

నాన్న రాసిచ్చిన రోజు మధ్యాహ్నం ఇద్దరం ఆఫీసు నుంచి నడిచే వచ్చాం. వాన వెలిసి ఎండ కాస్తోంది, రోడ్డు పొడుగునా గుంటల్లో నీళ్లు. నాన్న సంచీలో తన గాజు సిరంజీ, పాత టవలూ ఉన్నాయి. మా వీధి మలుపు దగ్గరికి వచ్చాం. అక్కడ చెప్పులో ఇసుక పడిందని ఆగాడు. నా భుజం పట్టుకుని ఒంటికాలి మీద నిలబడి చెప్పు దులుపుకున్నాడు. ఆయన చెయ్యి నా భుజం మీద వణుకుతోంది.

"ఎన్నోదాని దగ్గర తెలిసింది చిట్టీ?" అన్నాడు.

అబద్ధం చెప్పే ఓపిక కూడా లేదు నాకు.

"పదోదాని దగ్గర అనుమానమొచ్చింది. పదకొండుకి తెలిసిపోయింది."

"పన్నెండు దాకా పడుతుందనుకున్నా" అన్నాడు. నా పనితనానికి మురిసిపోయాడు, ఆ స్థితిలో కూడా.

"నాకు తెలుస్తుందని నీకు ముందే తెలుసా?"

"నీకు తెలియకపోవడమేమిటి!" చెప్పు తొడుక్కుని భుజం వదిలాడు. "అందుకే ఇచ్చాను. నా నోటితో చెప్పలేకపోయాను, నువ్వయినా అడుగుతావని. రోజూ సాయంత్రం నువ్వు చెప్పులు విప్పుతుంటే, ఇవాళ అడుగుతుందిలే అనుకునేవాణ్ణి."

"అడిగితే?"

"చెప్పేసేవాణ్ణి" అన్నాడు నాన్న. "ఆ పిల్లకి అప్పటికింకా ఆరో నెలే."